వెలిసిపోయిన ఎరుపు

పదకొండో భాగం

“ఎవరి పేరు రాయించావు?” అని అతను మూడోసారి అడిగాడు.

“ఎవరి పేరు రాయిస్తాను? నా పేరే.”

“ఇంటిపేరుతో సహానా?”

“కళ్ళు చూపించుకోడానికి వెళ్ళి దొంగపేరు చెప్తారా ఎవరైనా?”

చీటీ బల్ల మీద, పాలగ్లాసు పక్కన ఉంది. దాన్ని బయటికి లాగింది అత్తగారు. పొద్దున్నే కొడుకు చొక్కాకి బొత్తాం కుట్టబోయి కోడలి దారాల డబ్బా తెరిస్తే అడుగున దొరికింది. ఆవిడకి చదువు రాదు. నాలుగు మడతలు పెట్టి దారాల కింద దాచిన కాగితంలో మంచి కబురు ఉండదని తెలుసుకోడానికి చదువెందుకు? “ఇదేమిటో చూడరా” అని కొడుకు చేతిలో పెట్టి తప్పుకుంది. ఇప్పుడు వంటగదిలో, కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతోంది.

అతను పని బూట్లు వేసుకుని, లేసులు కట్టుకోకుండా కూర్చున్నాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి. ఈపాటికి ఏదో భవనంలో, ఏదో అంతస్తులో ఇరుక్కున్నవాళ్ళు ఇతని కోసం చూస్తూ ఉండాలి.

“ఎప్పుడు వెళ్ళావు?”

“పోయిన గురువారం. కళ్ళద్దాల కొట్టు వెనక కూర్చుంటుందే, ఆ డాక్టరమ్మ దగ్గరికి. కుడికన్ను మసగ్గా ఉంది, అద్దాలు మారిస్తే సరిపోతుందనుకున్నాను.”

“మరి?”

“సరిపోదంది.”

చీటీలో రెండే ముక్కలున్నాయి. తలకి స్కాన్ తీయించాలి. దాని కింద జబ్బు పేరు, మల్టిపుల్ స్క్లెరోసిస్. ఆ పేరు పక్కన ప్రశ్నార్థకం. డాక్టరమ్మ ఆ గుర్తుని రెండుసార్లు దిద్దినట్టుంది, సిరా ముద్దగా అంటుకుంది.

“అంటే ఏమిటట?”

“నరాల మీద తొడుగు ఉంటుందట. మీ కరెంటు తీగల మీద ఉన్నట్టే. అది అక్కడక్కడా ఊడిపోతుందట. ఇప్పుడు కంటి దగ్గర ఊడిందేమో అంది. ఏమో అనే అంది. స్కాన్ తీస్తే గానీ తేలదట.”

ఇరవై ఏళ్ళుగా తీగలతో బతుకుతున్నవాడికి ఆ మాట ఇంకెవరికన్నా బాగా అర్థమైంది. తొడుగు ఊడిన తీగని అతను ఏనాడూ అతికించలేదు. కోసి పారేసి కొత్తది వేస్తాడు. ఆ సంగతి పెళ్ళాంతో అనలేక, వంగి లేసులు కట్టుకోవడం మొదలుపెట్టాడు.

“తేల్చుకోవద్దు,” అన్నాడు వంగే.

“ఏమిటీ?”

“నాలుగు నెలలు. నాలుగంటే నాలుగు నెలలు ఓర్చుకో. నన్ను పర్మనెంటు చేస్తారు. ఇంటిల్లిపాదికీ ఇన్సూరెన్స్ వస్తుంది. అప్పుడు స్కానేం ఖర్మ, నిన్ను ఆస్పత్రిలోనే కాపురం పెట్టిస్తాను.”

“ఇప్పుడు తీయించుకుంటే?”

“ఫారం నింపి ఇచ్చాను కదే పోయిన నెల! భార్యకి ఏవైనా జబ్బులున్నాయా అన్నచోట లేవని రాశాను. కింద నువ్వూ సంతకం పెట్టావు. మాతో పనిచేసే గ్రీజు మామ సంగతి ఏమైందో చెప్పానా లేదా? ఆయన భార్యకి ఆపరేషనయ్యాక, ఎప్పటిదో పాత చీటీ ఒకటి బయటపడిందని పైసా ఇవ్వలేదు. స్కాన్ సెంటరంటే కంప్యూటరు. ఒకసారి నీ పేరు ఎక్కిందంటే ఇక దిగదు.”

“ఈలోపల ఏమైనా అయితే?”

“కన్ను పోతుందందా?”

“పోదంది. ఈసారికి చాలావరకు దానంతటదే తేరుకోవచ్చంది. కానీ జబ్బు అదే అయితే మళ్ళీ వస్తుందట. కంటికే వస్తుందని లేదు. కాలికి రావచ్చు, చేతికి రావచ్చు. తొందరగా మందు మొదలుపెడితే రావడం తగ్గుతుందట. అందుకే ఆలస్యం చెయ్యొద్దంది.”

“రావచ్చు, రావచ్చు! అన్నీ రావచ్చులే. నా ఉద్యోగం ఒక్కటే రాదు!”

బల్ల చివర కూర్చున్న చిన్నది పాలగ్లాసు దించి, “అమ్మా, నీకేమైంది?” అంది. తొమ్మిదేళ్ళ పిల్ల. పెద్దవాళ్ళు గొంతు పెంచితే నములుతున్నది నమలడం మానేస్తుంది.

“ఏం కాలేదు. తాగు.”

గడ్డం మీద పాలచుక్క కారుతుంటే తుడవబోయి తల్లి చెయ్యి చాచింది. ఆ గడ్డం మీద కుట్ల మచ్చ ఉంది. మూడేళ్ళ కిందట తల్లి చేతుల్లోంచి మెట్ల మీద పడినప్పటిది. అప్పట్లో భర్త నెలరోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆ నెల గురించి ఆ ఇంట్లో ఇప్పటికీ ఎవరూ ఎత్తరు.

చెయ్యి గ్లాసుకి తగిలింది. గ్లాసు కింద పడి రెండు ముక్కలైంది.

“పడేసిందా?” వంటగదిలోంచి అత్తగారు అలవాటు కొద్దీ అనేసింది. “ఈవిడ చేతిలో గ్లాసులు బతికి బట్టకట్టవు.”

అది ఆ ఇంట్లో పాత జోకు. రోజూ అయితే కోడలు కూడా నవ్వేది. ఇవాళ నవ్వు రాలేదు, జోకు వేసిన అత్తగారు కూడా నాలిక్కరుచుకుంది.

అతను లేచాడు. చీటీ తీసుకుని అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి చింపాడు. చెత్తబుట్టలో వెయ్యడానికి ధైర్యం చాలక ముక్కలు జేబులో కుక్కుకుని, ఎవరి వంకా చూడకుండా వెళ్ళిపోయాడు.

*

లాండ్రీలో ఆమె బల్ల వీధి తలుపు పక్కన ఉంటుంది, వెలుతురు కోసం. ఆమెని అక్కడ అందరూ రఫూ ఆవిడ అంటారు. బట్ట చిరిగిన చోట, పురుగు కొట్టిన చోట, సిగరెట్టు కాలిన చోట పడుగూ పేకా మళ్ళీ అల్లి, చిల్లు ఎక్కడుండేదో సొంతదారుకే తెలియకుండా చెయ్యడం ఆమె పని. దానికి దారం బయటినుంచి తేకూడదు. అదే బట్ట అంచు మడతలోంచి, ఎవరికీ కనబడని చోటునుంచి ఒక్కో పోగూ లాగాలి. అంచు మరీ పలచబడి ఉంటే మాత్రం ముట్టుకోకూడదు. చిల్లు పూడుతుంది, అంచు విడిపోయి మొత్తం బట్టే పోతుంది.

ఎర్ర శాలువాతో వచ్చిన చిక్కు అదే. ఒక రిటైరైన టీచరుగారు తెచ్చారు. వాళ్ళమ్మ కప్పుకున్న శాలువా అట, ఐదుచోట్ల పురుగు కొట్టింది. అంచు చూస్తే గాలికి ఊడేలా ఉంది. అందుకని ఆమె తన డబ్బాలోంచే దారం ఎంచింది. పదహారేళ్ళ అలవాటు ప్రకారం తలుపు దగ్గర నిలబడి, ఎడంకన్ను మూసి, కుడికంటికి భూతద్దం పెట్టుకుని, పోగు పక్కన పోగు పెట్టి చూసి మరీ ఎంచింది. తొమ్మిది రోజులు కూర్చుని అల్లింది.

ఇప్పుడు ఆ శాలువా తిరిగొచ్చి బల్ల మీద ఉంది.

“టీచరుగారు వచ్చి వెళ్ళారు,” అన్నాడు యజమాని. పొద్దస్తమానం ఇస్త్రీ యంత్రాల ఆవిరిలో తిరిగే మనిషి గనక పనివాళ్ళు ఆయన్ని ఆవిరి బాబాయి అంటారు. ఆమె మాత్రం ఎదురుగానే బాబాయ్ అని పిలుస్తుంది.

“ఏమన్నారు బాబాయ్?”

“ఏమీ అనలేదు. ఏదన్నా అన్నా బాగుండేది. బల్ల మీద పరిచి, కాసేపు చూసి, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయారు.”

ఆమె శాలువా తలుపు దగ్గరికి తీసుకెళ్ళింది. భూతద్దం పెట్టుకుని చూసింది. ఎక్కడా తప్పు లేదు. పోగులు చక్కగా కూర్చున్నాయి, రంగులో రంగు కలిసిపోయింది. తర్వాత కుడికన్ను మూసి, ఎడంకన్ను తెరిచింది.

ఐదు మచ్చలు కనిపించాయి. మంచి ఎర్ర బట్ట మీద ఐదుచోట్ల పాత ఇటుక రంగు.

మళ్ళీ కుడికన్ను తెరిచింది. మచ్చలు పోయాయి. ఆ కంటికి శాలువా అంతా ఒకటే రంగు, నానబెట్టి నానబెట్టి వెలిసిపోయిన రంగు.

“ఎంత తేడాగా ఉంది బాబాయ్? దాచకుండా చెప్పండి.”

“వీధి అవతల్నుంచి కనబడుతోందమ్మాయ్.”

ఆమె స్టూలు మీద కూర్చుంది. ఈ చేత్తో అల్లిన కోటు చూసి, చిల్లు ఏదో చూపించమని పందెం కట్టినవాళ్ళున్నారు. ఆ పందేలన్నీ ఆవిరి బాబాయే గెలిచాడు.

“నేనే విప్పి మళ్ళీ చేస్తాను.”

“ఏ దారంతో?”

ఆమె తన డబ్బా మూత తీసింది. డబ్బాలో ఎరుపులే పద్నాలుగు ఉన్నాయి. ఏది ఏదో ఈ కంటికి తెలియదు. ఎడంకంటితో సూది పట్టడం ఆమెకి ఇప్పటికీ చేతకాదు.

“కళ్ళు చూపించుకున్నావా?” అని ఆయన మెల్లిగా అడిగాడు.

జబ్బు పేరు నాలుక చివరిదాకా వచ్చింది. పొద్దున చిరిగిన చీటీ గుర్తొచ్చి ఆగిపోయింది.

“చూపించుకున్నాను. అద్దాలు మార్చాలన్నారు.”

“మార్పించు. అందాకా రంగులవి పక్కన పెట్టేద్దాం. తెల్లవీ నల్లవీ చూడు చాలు.”

ఆయన గొంతులో కోపం లేదు. కోప్పడితే ఆమె కూడా ఏదో ఒకటి అనేది. జాలిపడేసరికి డబ్బా మూత పెట్టేసింది.

వెనక ఎవరో ఇస్త్రీ యంత్రం మూత ఎత్తారు. వేడి ఆవిరి గదిలోకి కమ్ముకుంది. ఈ మధ్య వేడి తగిలితే చాలు, కుడికంటి ముందు తెల్లటి తెర దిగుతోంది. ఆ తెరలోంచే ఆమె శాలువా మడత పెట్టింది. అంచుకి అంచు కలవలేదు. రెండోసారి పెట్టింది. అప్పుడూ కలవలేదు. బాబాయి చూస్తూ నిలబడి, చూడనట్టు లోపలికి వెళ్ళిపోయాడు.

*

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆడపడుచు బూట్లు గుమ్మంలో ఉన్నాయి.

ఈ ఆడపడుచు సిటీ బస్సు నడుపుతుంది. ఆరేళ్ళు టిక్కెట్లు కొట్టి, ఆరేళ్ళు దరఖాస్తులు పెట్టి, పోయిన ఏడాదే స్టీరింగు పట్టుకుంది. వీధిలో అందరికీ డ్రైవరమ్మ. నీలం యూనిఫాం విప్పకుండానే బల్ల దగ్గర కూర్చుని చిన్నదాన్ని నవ్విస్తోంది.

“ఒక పెద్దాయన ఎక్కాడు. నన్ను చూశాడు. ఆడది నడుపుతోందని దిగిపోయాడు. వెనకాల బస్సు నడిపేది కూడా ఆడదే. ఆయన ఇంకా స్టాపులోనే ఉండుంటాడు.”

చిన్నది పడీపడీ నవ్వింది. వదిన గుమ్మంలో కనబడగానే డ్రైవరమ్మ నవ్వు ఆపేసి, మేనకోడల్ని పుస్తకాలు తెచ్చుకోమని లోపలికి పంపింది.

“అన్నయ్య ఫోన్ చేశాడు వదినా.”

అతను కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. భార్య వంక చూడలేదు. జేబులోంచి చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. నాలుగు ముక్కల్నీ కరెంటు పనికి వాడే నల్లటేపుతో అతికించాడు. ఒక టేపు ముక్క సరిగ్గా ఆమె పేరు మీద పడింది. చినుగు అక్కడ లేదు.

“పొద్దుట్నుంచీ ఒక్క లిఫ్టూ బాగుచెయ్యలేదు,” అన్నాడు గోడతో చెప్తున్నట్టు. “తీగ పట్టుకుంటే చాలు, నువ్వన్న మాటే.”

డ్రైవరమ్మ జేబులోంచి తనకి డిపో ఇచ్చిన ఇన్సూరెన్స్ కార్డు తీసి చీటీ పక్కన పెట్టింది.

“రేపు పొద్దున వెళ్ళు. నా పేరు చెప్పు. పైసా ఖర్చు ఉండదు. నీ పేరు ఎక్కడా ఎక్కదు. జబ్బు ఉందో లేదో తెలుస్తుంది. నాలుగు నెలలయ్యాక మీ కార్డు మీద మళ్ళీ మొదట్నుంచీ చూపించుకుందువుగాని.”

“దాని మీద ఫోటో ఉంది కదే,” అంది అత్తగారు వంటగది గుమ్మంలోంచి.

“కార్డు ఫోటోలో అందరం దెయ్యాల్లాగే ఉంటాం అమ్మా. ఎవరు పోలుస్తారు?”

“నీ పేరు మీద ఆ జబ్బని రాసేస్తే?”

“రాయనీ. నాకు లేదు కదా.”

“లేదని నీకు తెలుసు. మీ డిపోకి తెలుసా? కళ్ళు మసకబారే జబ్బున్న మనిషికి బస్సు ఇస్తారా ఎవరైనా?”

లోపల చిన్నది ఏదో ఎక్కం గట్టిగా వల్లెవేస్తోంది.

“నువ్వు లోపలికి వెళ్ళమ్మా,” అన్నాడు కొడుకు. “నీ కూతురి మీదికి వస్తుందనేసరికి ఎక్కడలేని తెలివీ వచ్చేస్తుంది నీకు.”

“అవునురా. నా కూతురే.” ఆవిడ గుమ్మం దాటి ముందుకొచ్చింది. “ఇదేమో నా కోడలు. పదేళ్ళుగా నేను పడుకున్నాక పడుకుని, నేను లేవకముందే లేస్తున్న పిల్ల. ఏ కన్ను పొడుచుకోమంటావో నువ్వే చెప్పు, అదే పొడుచుకుంటాను.”

కొడుకు చీటీ మీది టేపుని గోటితో అదిమాడు.

ఇక్కడ వద్దనాల్సిన మనిషి ఒకరున్నారు. అందరూ ఆమె వంకే చూశారు. సిగ్గు విడిచి చెప్పాలంటే ఆమెకి ఆ కార్డు కావాలి. పొద్దుటినుంచీ ఐదు ఇటుక రంగు మచ్చలు కళ్ళముందు తిరుగుతున్నాయి. ఇంకో పొద్దున లేచేసరికి ఏ కాలో, ఏ చెయ్యో తనది కాకుండా పోతుందేమోనని భయంగా ఉంది. అందుకే “వద్దులే” అంది గానీ, ఎవరూ నమ్మకుండా ఉండేలా అంది.

“వద్దూ లేదు గిద్దూ లేదు,” అని డ్రైవరమ్మ కార్డు ఆమె గుప్పిట్లో పెట్టి మూసేసింది. “నా పుట్టినరోజు గుర్తుందిగా? అడుగుతారు.”

అత్తగారు వెళ్ళి కూతురి భోజనానికి కంచం పెట్టింది. రోజూ కన్నా రెండు ముద్దలు ఎక్కువే పెట్టింది. తిన్నంతసేపూ ఎదురుగానే కూర్చుంది.

*

స్కాన్ సెంటర్లో కుర్చీలు చల్లగా, గోడలు తెల్లగా ఉన్నాయి. ఇక్కడ ఎరుపు అన్నది లేకపోవడం ఆమెకి కాస్త హాయిగా అనిపించింది.

ఫారం భర్తే నింపాడు. చెల్లెలి పేరు, చెల్లెలి వయసు, చెల్లెలి ఉద్యోగం. నింపుతున్నంతసేపూ పెదవులు కదుపుతూనే ఉన్నాడు. ఆమె పక్కన కూర్చుని ఆడపడుచు పుట్టినరోజు తారీఖు మనసులో తిప్పుకుంటోంది.

“పిలవగానే లే,” అన్నాడు నెమ్మదిగా. “ఆలోచిస్తూ కూర్చోకు.”

ఆడపడుచు పేరు పిలిచారు. ఆమె లేవలేదు. అతను మోచేత్తో పొడిస్తే లేచింది.

కౌంటరు వెనక ఉన్న అమ్మాయి కార్డూ చీటీ తీసుకుంది. చీటీకి ఉన్న నల్లటేపు చూసింది, ఏమీ అనలేదు. తర్వాత ఫారం చూసి తలెత్తింది.

“మీరు బస్సు డ్రైవరా?”

“ఊఁ.”

“అయితే ఇంకో సంతకం కావాలండి. మీ డిపో కార్డు కదా, డ్రైవర్లకి కంటిదీ నరాలదీ ఏ స్కాన్ తీసినా ఒక కాపీ మేం అక్కడికి పంపాలి. రిపోర్టు చూసేదాకా వాళ్ళు మీకు బండి ఇవ్వరు. ఇక్కడ పెట్టండి.”

ఆమె కలం పట్టుకుంది. భర్త ఊపిరి మెడకి తగులుతోంది.

“పెట్టు,” అన్నాడు చెవిలో. “రిపోర్టులో ఏమీ రాదు. ఏమో అనే కదా అన్నారు. పెట్టెయ్.”

“వస్తే?”

“వస్తే అప్పుడు చూద్దాం.”

“ఆరేళ్ళండీ.” ఆమె కలం కింద పెట్టేసింది. “ఆ సీటు కోసం ఆరేళ్ళు తిరిగింది. అంచు పలచగా ఉంటే అందులోంచి దారం లాగకూడదు.”

“ఏం మాట్లాడుతున్నావు నువ్వు?”

ఆమె కౌంటరు వైపు తిరిగి, “పొరపాటైందమ్మా,” అంది. “ఇది మా ఆడపడుచు కార్డు. నా పేరు మీద కొత్త కాగితం ఇవ్వు.”

ఆ అమ్మాయి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఇలాంటి పొరపాట్లు ఆమెకి రోజూ కనబడతాయి కాబోలు, కార్డు వెనక్కి జరిపి, ఖాళీ ఫారం ఇచ్చి, “మీకు ఇన్సూరెన్స్ ఉందా?” అని మాత్రం అడిగింది.

“లేదు.”

“అయితే సగం ముందే కట్టాలి. మిగతాది రిపోర్టు తీసుకునేటప్పుడు.”

అతను బల్ల అంచు పట్టుకున్నాడు. “నాలుగు నెలలు,” అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, బతిమాలుతున్నాడు. “మొత్తం పోతుందే. నీ ఒక్కదానిదే కాదు, నాది, అమ్మది, చిన్నదానిది. ఆ ఫారంలో లేవని రాశానే.”

“తెలుసు.”

ఆమె ఎడంకన్ను తెరిచి, కుడికన్ను మూసి రాయడం మొదలుపెట్టింది. పేరు. ఇంటిపేరు. వయసు. ఉద్యోగం అన్నచోట రఫూ పని అని రాసింది. ఐదో ప్రశ్న దగ్గర ఆగింది. లక్షణాలు మొదటిసారి కనిపించింది ఎప్పుడు?

ఒక తారీఖు రాసింది.

అతను ఆమె భుజం మీదుగా చదివాడు. “ఇదేమిటి? ఏడాది తప్పు రాశావు. కన్ను మసకబారింది పోయిన నెల కదా.”

“కంటికి పోయిన నెల. చేతికి అప్పుడు.”

“ఏ చెయ్యి?”

“ఎడం చెయ్యి. నాలుగైదు రోజులు మొద్దుబారిపోయింది. పొద్దస్తమానం పని కదా, నరం పట్టేసిందనుకున్నాను. ఆ రోజు చిన్నది నిద్రపోతే ఎత్తుకుని మెట్లు ఎక్కుతున్నాను. గట్టిగా పట్టుకున్నాననే అనుకున్నాను. ఎప్పుడు జారిందో నా చేతికి తెలియలేదు.”

అతను మళ్ళీ తారీఖు చూశాడు. ఆ తారీఖు అతనికి బాగా తెలుసు. ఆస్పత్రి బల్ల మీద పిల్ల గడ్డానికి కుట్లు వేస్తుంటే కాళ్ళు పట్టుకుని కూర్చున్నది అతనే.

“ఎందుకు చెప్పలేదు?”

“మీరు అడగలేదండీ. తిట్టారు. ధ్యాస ఎక్కడ పెట్టుకున్నావన్నారు. తల్లివేనా అన్నారు.” ఆమె గొంతు మామూలుగానే ఉంది. “నాకూ నిజమే అనిపించింది. మూడేళ్ళు నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. దాని గడ్డం తుడిచినప్పుడల్లా.”

ఆమె కలం ఫారం మీద పెట్టింది.

“డాక్టరమ్మ అడిగింది, ఇంతకుముందు ఎప్పుడైనా చెయ్యి మొద్దుబారిందా అని. అప్పుడు తట్టింది నాకు. అక్కడే ఏడ్చేశాను. జబ్బంటే భయపడ్డానని ఆవిడ నీళ్ళిచ్చింది. భయంతో కాదండీ. బిడ్డని నేను పడెయ్యలేదని.”

వాళ్ళ వెనక ఎవరో దగ్గారు. ఇంకెవరి పేరో పిలిచారు. ఆ పేరు గలావిడ లేచి, చెప్పులు ఈడ్చుకుంటూ లోపలికి వెళ్ళింది.

అతను చెయ్యి ఎత్తి ఆమె ఎడంచేతి మీద పెట్టాడు. ఆమె చెయ్యి కదల్లేదు. ఇప్పుడు ఆ చేతికి స్పర్శ ఉందో లేదో అడగాలని ఉంది, అడగలేకపోయాడు.

“సర్,” అంది కౌంటరు అమ్మాయి. “పైన రాసినవన్నీ నిజమేనని కింద భర్త సంతకం కావాలి.”

పోయిన నెల ఫారం మీద, లేవు అన్న మాట కింద అతని సంతకమే ఉంది. ఇప్పుడు ఈ తారీఖు కింద కూడా అదే సంతకం కావాలట.

అతను కలం అందుకున్నాడు. చూపు మాత్రం సంతకం పెట్టాల్సిన చోటికి దిగలేదు, ఐదో ప్రశ్న దగ్గరే ఉండిపోయింది.

“నెలరోజులు,” అన్నాడు ఎవరికీ వినబడనంత మెల్లిగా. “నెలరోజులు నీతో మాట్లాడలేదు నేను.”

“సర్, సంతకం పెడుతున్నారా లేదా?”